పిల్లి వద్దన్నప్పుడు చేయి తీయాలి

సభకు నమస్కారం. పెంపుడు జంతువుల సంరక్షణ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు కోరారు. పద్మారావునగర్‌లోని మన అపార్ట్‌మెంట్‌లో కిందటి వారం ఒక పిల్లి ఒక బాబును రక్కడం, దానిని తీసుకెళ్ళి ఎక్కడో వదిలేయడం జరిగిన దృష్ట్యా, పిల్లిని ఎలా నిమరాలన్న ఒక్క విషయానికే నేను పరిమితమవుతాను.

పిల్లి బుగ్గల మీద, గడ్డం కింద, కంటికీ చెవికీ నడుమ వాసన గ్రంథులు ఉంటాయి. అది మన కాళ్ళకు ముఖం రుద్దేది తన వాసన మనకు అంటించడానికే కనుక, అక్కడ నిమిరితే సాధారణంగా ఇష్టపడుతుంది. తోక మొదట్లో నిమిరినప్పుడు పిల్లులు ఎక్కువ అయిష్టం చూపాయని ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ఇక పొట్ట సంగతి. వెల్లకిలా పొర్లి పొట్ట చూపడం మన మీద నమ్మకానికి గుర్తే గాని, అక్కడ చేయి వేయమని పిలుపు కాదు.

ఆ సాయంత్రం సెల్లార్ సీసీ కెమెరా దృశ్యాన్ని కమిటీ వారితో కలిసి నేనూ చూశాను. స్కూటర్ సీటు మీద పడుకున్న పిల్లిని బాబు తోక దగ్గర నిమురుతుండగా, మొదట దాని తోక సీటుకేసి కొట్టుకుంది, తరువాత చెవులు పక్కకు వాలాయి, ఆ పైన చటుక్కున తల తిప్పి ఆ చేతి వంక చూసింది. పిల్లి ఇలా మూడుసార్లు వద్దని చెప్పిన తరువాత, బాబు దాని పొట్ట మీద చేయి వేస్తే అప్పుడు రక్కింది. రక్కిన గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళవలసిందే. అందులో రెండో మాట లేదు. కాని పిచ్చిపిల్లి అని ముద్ర వేసి, దానిని గోనెసంచిలో కట్టి ఎక్కడో వదిలి రావడం అన్యాయం, అన్యాయమని మళ్ళీ అంటున్నాను.

తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రే మీ పిల్లలకు నేర్పండి. ముందు చేయి కాస్త దూరంగా చాచి ఊరుకోవాలి. పిల్లి తానుగా వచ్చి ముఖం రుద్దితేనే బుగ్గ మీద నిమరాలి. కొన్ని క్షణాలకు ఆపి, అది మళ్ళీ దగ్గరకు వస్తుందో లేదో చూడాలి. గురగురలాడుతోంది కదా అని కొనసాగించరాదు, ఎందుకంటే నొప్పిలో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఇటువంటి సూచనలనే కొద్ది నిమిషాలు నేర్పి పరీక్షించగా, పిల్లుల కోపం తగ్గి, స్నేహం పెరిగింది.

ఆ పిల్లికి పుట్టిన రెండు కూనలు, నెలన్నరవి, జనరేటర్ వెనుక ఉన్నాయి. 2 నుంచి 7 వారాల వయసులో మనిషి చేతికి అలవాటైన పిల్లికూనలే బాగా మచ్చికవుతాయి కనుక, ఇంకొక్క వారం గడిస్తే ఆ అవకాశం చాలావరకు చేజారుతుంది. వాటినీ తరలించాలన్న తీర్మానం ఇప్పుడు చర్చకు రానున్నది. దయచేసి దానిని తిరస్కరించండి. టీకాలకు, వయసు రాగానే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు నేను భరిస్తాను.