టక్కుమంటే ఎముక జరిగినట్టేనా?

శ్రోతలందరికీ నమస్కారం. మన ఒంగోలు, కందుకూరు వైపు ఎవరికైనా నడుం పట్టేసిందంటే ముందు వినపడే మాట "పూస జరిగింది" అని. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను పిలిచి నడుం తొక్కించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా పెద్దమ్మ పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర నేల మీద కూర్చుని పొద్దస్తమానం కర్రలకు ఆకు కట్టే మనిషి. నిరుడు లండన్‌లో కొడుకు దగ్గరికి వెళ్లినప్పుడు నడుం పట్టేస్తే, వాడు ఆస్టియోపతి, అంటే కండల్నీ కీళ్లనీ చేతులతో నొక్కి, సాగదీసే వైద్యం, చేసే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక "టక్కుమందిరా, ఎముక దాని చోటికి వచ్చేసింది" అని ఊరంతా చెప్పింది.

నొప్పి తగ్గిన మాట నిజమే. ఎముక జరిగిందన్నది మాత్రం నిజం కాదు.

కీలులో జిగట ద్రవం ఉంటుంది. కీలును ఒక్క ఊపున కొద్దిగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి అందులో బుడగ ఏర్పడుతుంది, శబ్దం దానిదే. మనం మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. ఆ కదలికతో బిగుసుకున్న కండ కాస్త వదులవుతుంది, కొంతసేపు నొప్పి తెలియదు, ఆ సందులో మనిషి ధైర్యంగా వంగుతాడు, నడుస్తాడు. నా దృష్టిలో అసలు మేలు ఆ నడకలోనే ఉంది.

ఆస్టియోపతి అంటే ఎముకలు కట్టడం కాదు, మన పుత్తూరు కట్టుతో దానికి సంబంధం లేదు. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు, 1864లో మెదడువాపు లాంటి జబ్బుతో ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకుని, అప్పటి మందుల మీద నమ్మకం పోయి, 1874లో ఈ పద్ధతిని చెప్పాడు. 1892లో కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. ఇప్పుడు అమెరికాలో ఆ చదువు చదివినవాళ్లు మందులు రాసే, ఆపరేషన్లు చేసే పూర్తి స్థాయి డాక్టర్లు. బ్రిటన్‌లో మాత్రం ప్రధానంగా చేతులతోనే వైద్యం, దానికి 1993లో చట్టం కూడా చేశారు.

పెద్దమ్మను ఆవిడ ముందు ఏం పని చేస్తావు, ఎలా కూర్చుంటావు అని చాలాసేపు అడిగిందట. తర్వాత వంగమని, తిరగమని చూసి, కండలు మెల్లగా నొక్కి, తన చేతికి ఎదురుగా కాలితో నెట్టమని, కొన్ని సెకన్లకు వదిలేయమని చెప్పి, అప్పుడు సాగదీసిందట. ఆ టక్కుమనేది చివర్లో ఒక్కసారే.

మామూలు నడుం నొప్పికి దీనివల్ల కొంత ఉపశమనం ఉంటుంది. ఉబ్బసం, పిల్లల చెవిపోటు లాంటివి కూడా నయం చేస్తామంటే నమ్మకండి, అందుకు తగిన ఆధారాలు లేవు. చీమకుర్తి క్వారీలో పైనుంచి పడ్డవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు, క్యాన్సర్ వచ్చినవాళ్లకు గట్టిగా విరిచే పని చేయించకూడదు. మెడ విరిపించుకోవడం నాకు అసలు ఇష్టం లేదు, అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. ఇక కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా ఎవరి చేతా నొక్కించుకోకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లండి.

ఆవిడ చెప్పింది కదా అని పెద్దమ్మ ఈ ఏడు నేల మీద కాకుండా ఎత్తు పీట మీద కూర్చుని ఆకు కడుతోంది, గంటకోసారి లేచి బ్యారన్ చుట్టూ ఒక తిరుగుడు తిరిగొస్తోంది.