సమాధి చెప్పిన కుట్టు

అందరికీ నమస్కారం. నాటకాలకు దుస్తులు కుట్టే మీ ముందు, నేను ఇంకా కుట్టని దుస్తుల గురించి మాట్లాడబోతున్నాను. పదమూడో శతాబ్దంలో, ఇప్పటి స్పెయిన్‌లో ఉండిన కాస్తీల్ రాజ్యంలో ఒక గొప్పింటి స్త్రీ ధరించినట్టి జతను మిషను ముట్టకుండా కుట్టాలని నా కోరిక.

మొదట బొమ్మలు చూశాను. పదో అల్ఫోన్సో రాజు కొలువులో తయారైన ‘కాంతిగాస్’ అనే మేరీమాత పాటల ప్రతుల్లో, 1283లో ముగించిన చదరంగం, పాచికల గ్రంథంలో ఆడవాళ్ల బొమ్మలు బోలెడు. లోపల నార చొక్కా, అదే కమీసా. మన కమీజుకూ దానికీ మూలం ఒకే లాటిన్ మాట, మనకు అరబ్బీ మీదుగా వచ్చింది. దాని మీద ఒంటిని పట్టి ఉండే పొడవాటి గౌను, సాయా. పక్కన చీలిక, తాడుతో బిగింపు. బొమ్మలో ఒక పక్కే కదా కనిపించేది! రెండో పక్కా అంతేననుకొని ముతక బట్టతో నమూనా కుట్టి, రెండు వైపులా తాడు పెట్టాను. ఒక పక్క బిగిస్తే రెండో పక్క వదులై, గౌను నడుము చుట్టూ తిరిగింది.

జవాబు కాస్తీల్ నగరం బూర్గోస్‌లోని లాస్ ఉయెల్గాస్ మఠంలో దొరికింది. ఎనిమిదో అల్ఫోన్సో, ఆయన రాణి 1187లో స్థాపించిన ఈ మఠంలోనే రాజకుటుంబపు సమాధులున్నాయి. నెపోలియన్ సైనికులు దోచుకోగా మిగిలిన బట్టలు 1940లలో సమాధులు తెరిచినప్పుడు బయటపడ్డాయి. ఆ దంపతుల కూతురు, పొరుగు రాజ్యం ఆరగాన్‌కు రాణి అయిన లియొనోర్ 1244లో మరణించింది. ఆమె సాయాకు తాడు ఎడమ పక్కన మాత్రమే! కుడిచేత్తో తనే బిగించుకోవడానికి వీలుగా అలా పెట్టి ఉంటారని నా ఊహ.

ఆ తాడు దాచేది కాదు, చూపించేది. సాయా మీద వేసే పెల్యోతేకు చేతులుండవు. చంక దగ్గర భుజం నుంచి తుంటి దాకా పెద్ద కిటికీలా కత్తిరిస్తారు. ఛాతీ మీద మిగిలేది సన్నని పట్టీ. ఆ కిటికీలోంచి తాడు, కాజాలు, కింద తెల్లని కమీసా కనిపిస్తాయి. అందుకే నా పథకంలో ఎక్కువ సమయం కాజాలకే కేటాయించాను. తలపాగా, దుప్పటి తర్వాత చూసుకోవచ్చు.

పట్టు మాత్రం నా వల్ల కాదు. అదే మఠంలో ఉన్న లియొనోర్ అక్క, రాణి బెరెంగేలా సమాధిలోని దిండు మీద అరబ్బీలో ‘అల్లా తప్ప దేవుడు లేడు’ అని నేసి ఉంది. క్రైస్తవ రాణి తల కింద ముస్లింల ఏలుబడిలోని అండలూసియా నేత! నేను మాత్రం సన్నని ఉన్నితో సరిపెట్టుకుంటాను. కమీసాకు తెచ్చిన నారబట్ట నిన్న ఉతికి ఆరేశాను. ముడుచుకోవడం అయ్యాక కొలతలు మళ్లీ తీసి, అప్పుడు కత్తెర పట్టాలి.