చెన్నై మూడో మాస్టర్ ప్లాన్‌లో చెట్లకు చోటెంత?

(చెన్నైలోని తెలుగువారి కోసం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: నగర ప్రణాళిక పనిలో రిటైరైన ఇంజనీరు, వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, టి.నగర్‌లో ఒక నివాసుల సంఘం కార్యదర్శి.)

యాంకర్: నమస్కారం. చెన్నై ఎలా పెరగాలో చెప్పే రెండో మాస్టర్ ప్లాన్ గడువు 2026తో ముగుస్తుంది. 2027 నుంచి 2046 దాకా నడిచే మూడో ప్లాన్ పని చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ) చేతిలో ఉంది. సార్, ఇలాంటి ప్లాన్‌లో చెట్టు ఎక్కడ కనిపిస్తుంది?

ఇంజనీరు: పార్కు అని రంగు వేసిన చోట తప్ప ఎక్కడా కనిపించదండీ. రోడ్డు డ్రాయింగ్ తీసుకోండి. బండ్లకు ఇంత, ఫుట్‌పాత్‌కు ఇంత, కింద వాన నీటి కాలువ, కేబుల్, మంచినీళ్ల పైపు. అన్నిటికీ కొలతలు ఉంటాయి. చెట్టు వేళ్లకు ఒక్క అడుగు కూడా రాయరు. పనంతా అయ్యాక మిగిలిన గుంతలో మొక్క పెడతారు.

అధ్యాపకురాలు: దాని ఫలితం 2016 డిసెంబరు 12న చూశాం. వర్దా తుపానుకు వేల చెట్లు పడిపోయాయి. గాలి ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. తురాయి, పచ్చ తురాయి లాంటివి తొందరగా పెరుగుతాయి, కొమ్మలు పెళుసు. పైగా కాండం దాకా సిమెంటు పోశాం, కాలువ తవ్వినప్పుడల్లా ఒక పక్క వేళ్లు నరికేశాం. అలాంటి చెట్టు ఏ ఆధారంతో నిలబడుతుంది? ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. ఆ ఒక్క మీటరు ఇక్కడ కూడా ప్రతి రోడ్డు టెండర్‌లో ఉండాలి.

కార్యదర్శి: మా వీధిలో అదే జరిగిందమ్మా. కాలువ పని మొదలయ్యాక రెండు పెద్ద వేపచెట్లు ఎండిపోయాయి. అడిగితే, బదులుగా మొక్కలు ఇస్తామన్నారు. సరే, తీసుకుని నాటాం. మొక్కలు నాటడం తప్పంటారా?

అధ్యాపకురాలు: తప్పెందుకు అవుతుందండీ? కానీ ఎన్ని నాటాం అన్నది లెక్క కాదు. మూడేళ్ల తర్వాత ఎన్ని బతికున్నాయి, వాటి నీడ ఎవరి మీద పడుతోంది, అది అడగాలి. కొట్టూర్పురంలో మియావాకీ అనే జపాన్ పద్ధతిలో, మొక్కలు దగ్గర దగ్గరగా నాటి దట్టమైన చిన్న అడవి పెంచారు, మంచిదే. బస్‌స్టాప్‌లో మధ్యాహ్నం నిలబడే మనిషికి మాత్రం వీధి చెట్టే కావాలి. మన తీరానికి కానుగ, పొన్న, నేరేడు ఉన్నాయి. మన సొంత అడవి ఎలా ఉంటుందో చూడాలంటే గిండీకి వెళ్లండి. నగరం మధ్యలో రెండున్నర చదరపు కిలోమీటర్లకు పైగా పొడి సతతహరిత అడవి, అంటే పొడి వాతావరణంలోనూ ఏడాదంతా పచ్చగా ఉండేది, అందులో కృష్ణజింకలు! 1978లో నేషనల్ పార్కుగా ప్రకటించారు కాబట్టే అది మిగిలింది.

యాంకర్: అంటే చట్టం ఉన్నచోటే పచ్చదనం మిగులుతోందా?

ఇంజనీరు: చాలావరకు అంతే. కర్ణాటకలో 1976 నుంచి చెట్ల పరిరక్షణ చట్టం ఉంది. బెంగళూరులో మీ స్థలంలో చెట్టు కొట్టాలన్నా ట్రీ ఆఫీసర్ అనుమతి అడగాలి. అమలులో లోపాలున్నాయి, అయినా కోర్టుకు వెళ్లడానికి ఒక ఆధారం ఉంది. తమిళనాడులో 1955 నాటి చట్టం కొండ ప్రాంతాల చెట్లకే. చెన్నైకి కర్ణాటక లాంటి చట్టం కావాలని నేను గట్టిగా అంటాను.

అధ్యాపకురాలు: ఒక్క మాట, సార్. అర్బన్ ఎకాలజీ, అంటే నగరంలోని ప్రకృతి, చెట్లొక్కటే కాదు. దక్షిణ చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేలలో మొక్కలు నాటితే నష్టమే. అక్కడ గడ్డి, నీళ్లు, పక్షులు ఉండాలి. దక్షిణ చెన్నై చెరువుల్లో పొంగిన నీళ్లు అక్కడికే చేరి, ఒక్కియం మడువు అనే నీటి దారి గుండా బకింగ్‌హామ్ కాలువలోకి, కోవళం దగ్గర సముద్రంలోకి పోతాయి. 2022లో పళ్లికరణైకి రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది, దాదాపు 1,248 హెక్టార్లకు. అంతకుముందే ఒక పక్క పెరుంగుడి చెత్త డంపు, ఇంకో పక్క భవనాలు దానిలో చాలా భాగాన్ని మింగేశాయి.

ఇంజనీరు: నీళ్ల విషయంలో మా టి.నగరే చూడండి. మాంబళం దగ్గర పెద్ద చెరువు ఉండేది. 1920లలో దాన్ని పూడ్చి ఈ పేట కట్టారు. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు, మధ్యలో అదే పార్టీకి చెందిన పానగల్ రాజా పేరుతో పార్కు వదిలారు. ఇద్దరూ మన తెలుగువాళ్లే. పార్కు గీసిన ప్లానే చెరువును చెరిపేసింది. వానాకాలంలో మా వీధుల్లో నీళ్లు నిలబడితే ఆశ్చర్యం ఎందుకు? కొత్త ప్లాన్‌లో ముందు నీళ్ల దారులు గీయాలి. చెట్ల వరస గీయాలి. రోడ్లు, అంతస్తులు ఆ తర్వాతే.

కార్యదర్శి: ఇదంతా మేం ఎక్కడ చెప్పాలి సార్? మా మాట ఎవరు వింటారు?

ఇంజనీరు: ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాలని చట్టంలోనే ఉంది. ఊరికే పచ్చదనం పెంచండి అని రాస్తే పక్కన పెడతారు. వీధి పేరు, ఉన్న చెట్లు, వాటి చుట్టుకొలత, నీళ్లు నిలిచే చోటు, అన్నీ మ్యాప్ మీద గుర్తు పెట్టి ఇవ్వండి.

అధ్యాపకురాలు: చెట్లు గుర్తుపట్టడానికి మా విద్యార్థులను పంపిస్తాను. ఆదివారం పొద్దున్నే అయితే ట్రాఫిక్ ఉండదు.

కార్యదర్శి: రమ్మనండమ్మా. టిఫిన్ మా ఇంట్లోనే.