పల్లె బార్ ఎందుకంత పొట్టి?

(స్టూడియోలో యాంకర్‌తో పాటు ముగ్గురు: ఎకనామిక్స్ చెప్పే అధ్యాపకురాలు, డేటా జర్నలిస్టు, పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీ సంఘం కార్యకర్త.)

యాంకర్: నమస్కారం. వెనక స్క్రీన్ మీద గ్రాఫ్‌లో రెండు బార్లు కనిపిస్తున్నాయి కదా. కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక శక్తి సర్వే, అదే పీఎల్ఎఫ్ఎస్, 2023-24 లెక్క ఇది. నిరుద్యోగం పల్లెల్లో 2.5 శాతం, పట్నాల్లో 5.1. అంటే పల్లెలో సగమే. మరి ఊళ్ళో పనుల్లేవని జనం బస్సెక్కి హైదరాబాద్ ఎందుకొస్తున్నట్టు?

డేటా జర్నలిస్టు: ముందు మీ గ్రాఫిక్స్ వాళ్ళని మెచ్చుకోవాలి సార్, బార్లు సున్నా నుంచే గీశారు, చాలా చోట్ల అదీ ఉండదు. తప్పు గీతలో లేదు. ఈ రెండు బార్లే చాలనుకోవడంలో ఉంది.

అధ్యాపకురాలు: ఈ లెక్కలో పనిలో ఉన్నట్టు ఎవరిని రాస్తారో చూడండి. ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారని అడుగుతారు, అది కాకుండా 30 రోజులైనా ఇంకేదైనా పని చేసి ఉంటే దాన్నీ కలుపుతారు. సొంత చేలో కలుపు తీసే ఇల్లాలికి రూపాయి చేతికి రాకపోయినా ఆమె పనిలో ఉన్నట్టే. రాయడం సబబే, ఎందుకంటే అది పనే. కానీ డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని ఉద్యోగం కోసం తిరుగుతున్న పట్నం కుర్రాడు నిరుద్యోగి, అదే డిగ్రీతో ఊరికెళ్ళి నాన్నకు రెండెకరాల్లో సాయం చేస్తున్నవాడు మాత్రం ఉపాధి ఉన్నవాడు. పల్లె బార్ పొట్టిగా ఉండటానికి సగం కారణం ఇదే అంటాను నేను.

కార్యకర్త: ఖాళీగా కూర్చోవాలంటే తిండి పెట్టేవాళ్ళుండాలి మేడమ్. మా దగ్గర పని లేదని చెప్పుకునే స్తోమత కూడా అందరికీ ఉండదు.

యాంకర్: మరి ఏ గ్రాఫ్ చూపించమంటారు?

డేటా జర్నలిస్టు: నన్నడిగితే పని ఉందా లేదా అన్నది కాదు, ఏం పని అన్నది గీయాలి. పల్లెకో బార్, పట్నానికో బార్, రెండూ నూరు శాతమే, లోపల మూడు రంగులు: సొంత పని, నెల జీతం, రోజు కూలీ. దేశం మొత్తం కలిపి చూస్తే సొంత పనివాళ్ళు 2017-18లో 52.2 శాతం, 2023-24కి 58.4. ఆ రంగులో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినవాడూ ఉంటాడు, అర ఎకరం కౌలు చేసేవాడూ ఉంటాడు, అందుకే దాన్ని మళ్ళీ చీల్చాలి, జీతం లేని ఇంటి సాయాన్ని వేరే రంగులో చూపాలి. అప్పుడు పల్లె బార్ మీద మీ కళ్ళు ఎక్కడ ఆగుతాయో చూడండి.

అధ్యాపకురాలు: ఆడవాళ్ళ గీత కూడా పెట్టండి. పల్లెల్లో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పని చేస్తున్నవాళ్ళూ వెతుకుతున్నవాళ్ళూ కలిపి 2017-18లో 24.6 శాతం, 2023-24లో 47.6. పట్నంలో 20.4 నుంచి 28.0. పల్లె గీత నిచ్చెనెక్కినట్టు పోతుంది. దాన్ని చూసి ఒకరు సాధికారత అంటారు, ఇంకొకరు ఇల్లు గడవక అంటారు, మూడో ఆయన ఇన్నాళ్ళూ సరిగా లెక్కపెట్టలేదు, ఇప్పుడు పెడుతున్నారు అంటాడు. నేను రెండో మాట వైపే ఎక్కువ మొగ్గుతాను, ఎందుకంటే అదే కాలంలో మొత్తం పనివాళ్ళలో వ్యవసాయం వాటా 44.1 నుంచి 46.1కి పెరిగింది. దశాబ్దాల పాటు తగ్గుతూ వచ్చిన వాటా అది.

యాంకర్: 2025 నుంచి నెల నెలా లెక్కలొస్తున్నాయిగా, ఆ ఏడాది ఏప్రిల్‌లో దేశం మొత్తం మీద నిరుద్యోగం 5.1 శాతం అన్నారు. 2023-24లో ఉన్న 3.2 నుంచి 5.1కి ఎగబాకిందని మేమూ స్క్రోలింగ్ వేశాం.

డేటా జర్నలిస్టు: (నవ్వుతూ) వేశారు, చూశాను. 3.2 ఏడాది మొత్తానికి వేసిన లెక్క, 5.1 అడిగిన రోజుకు ముందు ఏడు రోజులది. ఆ వారంలో ఒక్క గంట పని చేసినా పనిలో ఉన్నట్టే, అయినా అంకె పెద్దదొచ్చింది, ఎందుకంటే కొన్నాళ్ళు పని, కొన్నాళ్ళు ఖాళీ అన్నది వారం లెక్కలోనే బయటపడుతుంది. 2023-24కే వారం లెక్క చూస్తే 4.9 ఉంది. పైగా 2025లో సర్వే పద్ధతే మార్చారు. ఈ రెండు చుక్కల్నీ ఒకే గీతతో కలపకూడదు.

కార్యకర్త: నాదో అనుమానం. మా ఊరివాళ్ళు పంట కోతలయ్యాక నాలుగు నెలలు హైదరాబాద్‌లో అడ్డా మీద నిలబడతారు, మేస్త్రి పిలిస్తే స్లాబ్ పని. వాళ్ళు ఏ బార్‌లో ఉన్నట్టు?

అధ్యాపకురాలు: ఆరు నెలల లోపు వెళ్ళొచ్చేవాళ్ళని ఇంటి మనుషులుగానే, అంటే ఊళ్ళోనే రాస్తారు. కాబట్టి వాళ్ళు కట్టిన అపార్ట్‌మెంట్ హైదరాబాద్‌లో ఉంటుంది, వాళ్ళ లెక్క మాత్రం పల్లె బార్‌లోకే పోతుంది.

యాంకర్: ఇదెవరూ చెప్పరండీ!

అధ్యాపకురాలు: ఇంకోటి వినండి. అసలు పట్నమంటే ఏంటి? మున్సిపాలిటీ లేకపోయినా జనాభా లెక్కలవాళ్ళు ఒక ఊరిని పట్నం కింద రాయాలంటే 5,000 మంది ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, మగ పనివాళ్ళలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పని చెయ్యాలి. మగవాళ్ళనే చూస్తారు! ఊళ్ళో ఆడవాళ్ళంతా నాట్లకే వెళ్తున్నా అది పట్నమైపోవచ్చు. ఏ పని చేస్తున్నారో చూసి పల్లె, పట్నం అని పేరు పెట్టి, తర్వాత పల్లెలో వ్యవసాయం ఎక్కువుందని గ్రాఫ్ గీసి మనమే ఆశ్చర్యపోతాం.

కార్యకర్త: అదైనా కాగితం మీదే మేడమ్, పంచాయతీ పంచాయతీగానే ఉంటుంది. ఊరిని నిజంగా మున్సిపాలిటీలో కలిపితే మాత్రం కరువు పని ఆగిపోతుంది. ఉపాధి హామీ పల్లెలకే కదా. జాబ్ కార్డు పట్టుకుని ఆడవాళ్ళు మా దగ్గరికొచ్చి, నిన్నటిదాకా ఉన్న పని ఇవాళ ఎందుకు లేదు, మేం చేసేది అదే కలుపు పనే కదా అని అడుగుతారు. వాళ్ళకు ఏ రంగు వేస్తారు మీ చార్టులో?

యాంకర్: (డేటా జర్నలిస్టు వైపు తిరిగి) సార్?

డేటా జర్నలిస్టు: రెండు బార్ల మధ్యలో మూడోది గీయాల్సి ఉంటుంది.

యాంకర్: గ్రాఫిక్స్ టీమ్, విన్నారుగా. బ్రేక్ తర్వాత ఆ మూడో బార్‌తో వద్దాం.