షుగరు అంకె సరే, పాదాలు చూసుకున్నారా?

శ్రోతలకు నమస్కారం. పొద్దున్నే ఇందిరా పార్కులో నడిచేవాళ్ళ పక్కన కాసేపు నడవండి. "ఫాస్టింగ్ ఎంతొచ్చింది?" "140. మీకు?" మన హైదరాబాదులో షుగరు సంగతి ఎవరూ దాచుకోవడం లేదు, మంచిదే. చాయ్‌లో చక్కెర మానేశామని గట్టిగా చెప్తారు. దాంతోపాటు వెళ్ళిపోయే రెండు ఉస్మానియా బిస్కెట్లు మాత్రం లెక్కలోకి రావు. పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం తగ్గించేవాళ్ళూ ఉన్నారు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దగ్గర ఆ పప్పులుడకవు. అది గత రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పేస్తుంది. చాలామందికి 7 శాతం లోపు ఉండాలంటారు. పెద్ద వయసువాళ్ళకు డాక్టర్లు కొంత సడలింపు ఇస్తారు.

ఇన్ని తెలిసినవాళ్ళు కూడా పాదాల జోలికి పోరు. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ముందు తిమ్మిర్లు, మంటలు. ఆ తర్వాత స్పర్శే తగ్గిపోతుంది. నొప్పి లేదు కదా, తగ్గిపోయిందనుకుంటాం. అసలు భయపడాల్సింది అప్పుడే. మే నెల మధ్యాహ్నం గుడిలో బండలు కాలుతుంటే అందరూ గబగబా నీడలోకి పరుగెడతారు. స్పర్శ లేనివాళ్ళు నింపాదిగా ప్రదక్షిణలు పూర్తిచేసుకుని, ఇంటికొచ్చాక బొబ్బలు చూసుకుంటారు. గుడికి వెళ్ళొద్దని కాదు, ఎండెక్కకముందే వెళ్ళిరండి. బోనం ఎత్తుకునే అక్కలకూ ఇదే మాట. ఆ రాత్రి పాదాలు చూసుకోనిదే పడుకోవద్దు.

రోజూ పాదాలు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవాలి. మడమలకు కొబ్బరినూనె రాయొచ్చు, వేళ్ళ మధ్య మాత్రం వద్దు. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి అరికాలు చూసుకోండి, చూపు ఆనకపోతే మనవడినో మనవరాలినో పిలవండి. చెప్పులు, బూట్లు దులిపి తొడుక్కోండి, లోపల చిన్న రాయి ఉన్నా మీకు తెలియదు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు. మంటలు తగ్గుతాయని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం చాలా ప్రమాదం.

పుండు కనబడితే పసుపు అద్ది నాలుగు రోజులు చూద్దామనుకోకండి. రక్తప్రసరణ తగ్గిన కాలికి పుండు తొందరగా మానదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దూరమైతే మీ బస్తీ దవాఖానాకే వెళ్ళండి, ఎక్కడ చూపించుకోవాలో వాళ్ళు చెప్తారు.

ఏడాదికోసారి పాదాల పరీక్ష కూడా ఉండాలి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. నిమిషాల పని. రద్దీలో డాక్టరుగారు మరిచిపోతే, మొహమాటపడకుండా చెప్పులు విప్పి "సార్, ఇవి కూడా చూడండి" అనండి.