ఒకే కుక్కర్, ముగ్గురు సెల్లర్లు: ధర ఏ టేబుల్‌లో ఉండాలి?

[స్క్రీన్ మీద: కుక్కర్ బొమ్మ, దాని కింద మూడు ధరలు]

ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. కంపెనీ ఒకటే, మోడల్ ఒకటే. హైదరాబాద్ సెల్లర్ 1,850 రూపాయలకి ఇస్తున్నారు, విజయవాడ సెల్లర్ 1,790కి, గుంటూరు సెల్లర్ 1,899కి. ఇలా చాలామంది సెల్లర్లు అమ్మే సైట్‌కి డేటాబేస్ డిజైన్ చేస్తుంటే, ధర అనే కాలమ్ ఏ టేబుల్‌లో పెడతారు?

సొంత సరుకు మాత్రమే అమ్మే సైటైతే ప్రొడక్ట్స్ టేబుల్‌లో పెట్టేస్తే సరిపోతుంది. చాలామంది అదే టేబుల్‌కి సెల్లర్_ఐడీ అని ఇంకో కాలమ్ తగిలించి, మల్టీ సెల్లర్ సైట్ అయిపోయిందనుకుంటారు. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఒకే కుక్కర్ టేబుల్‌లో మూడు రోలుగా, అంటే మూడు వరుసలుగా చేరుతుంది. ఒకరు పేరు ఒకలా రాస్తారు, ఇంకొకరు ఇంకోలా. రివ్యూలు మూడు చోట్లకి చీలిపోతాయి. సెర్చ్ చేస్తే అదే వస్తువు మూడుసార్లు కనబడుతుంది.

వస్తువు వేరు, దాన్ని ఈ ధరకి అమ్ముతానని సెల్లర్ పెట్టిన ఆఫర్ వేరు. ఈ రెంటినీ విడదీయడమే ఈ డిజైన్‌కి గుండెకాయ. అమెజాన్‌లో ఏసిన్ నంబర్ పని చేసేది ఇలాగే: వస్తువుకి ఒక నంబర్, దాని కింద ఎంతమంది సెల్లర్లైనా.

[స్క్రీన్ మీద: ప్రొడక్ట్స్ → వేరియంట్స్ → ఆఫర్స్ ← సెల్లర్స్]

ప్రొడక్ట్స్‌లో పేరు, బ్రాండ్, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీ కోసం వస్తువు ఏ రకమో చెప్పే నంబర్). మూడు లీటర్లు, ఐదు లీటర్లు వేరియంట్స్‌లో. ఆఫర్స్‌లో వేరియంట్_ఐడీ, సెల్లర్_ఐడీ, ధర. ఆ రెండు ఐడీల మీద కలిపి ఒక యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. ఒక సెల్లర్ ఒకే వేరియంట్‌కి రెండు ఆఫర్లు పెట్టబోతే డేటాబేసే ఆపేస్తుంది. ధరకి ఫ్లోట్ వద్దు, డెసిమల్ వాడండి. ఫ్లోట్‌లో పైసలు కచ్చితంగా నిలవవు.

చేనేత చీరలకి ఈ పద్ధతి అంత బాగా కుదరదని నా అభిప్రాయం. పోచంపల్లి ఇక్కత్‌లో ఇద్దరు నేసిన చీరలు ఒకే ప్రొడక్ట్ ఎలా అవుతాయి? అలాంటివాటికి ఒక ప్రొడక్ట్‌కి ఒకే ఆఫర్ ఉంటుంది. టేబుళ్లు మార్చక్కర్లేదు.

ఇక స్టాక్. దీన్ని ఆఫర్స్‌లో పెట్టాలనిపిస్తుంది గానీ ఆగండి. ఒకే సెల్లర్‌కి హైదరాబాద్‌లో ఒక గోడౌన్, విజయవాడలో ఒక గోడౌన్ ఉండొచ్చు. రాష్ట్రం మారితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా మారుతుంది. 15 అక్షరాల జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండూ రాష్ట్రం కోడే: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. కాబట్టి జీఎస్టీ నంబర్ సెల్లర్స్‌లో ఒక కాలమ్‌గా ఇమడదు. రిజిస్ట్రేషన్లకి ఒక టేబుల్, గోడౌన్లకి ఒక టేబుల్ పెట్టి, ఏ ఆఫర్ ఏ గోడౌన్‌లో ఎన్ని ఉన్నాయో స్టాక్ టేబుల్‌లో రాయాలి.

చివరి పీస్‌ని ఇద్దరు ఒకే క్షణంలో కొంటే? ముందు సెలెక్ట్ చేసి, స్టాక్ ఉందని చూసి, తర్వాత అప్‌డేట్ చేస్తే ఇద్దరికీ అమ్మేస్తారు. అప్‌డేట్‌లోనే షరతు పెట్టండి: స్టాక్ ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు. ఎన్ని రోలు మారాయో చూడండి. సున్నా వస్తే, ఆ రెండో మనిషికి అయిపోయిందని చెప్పాలి.

[స్క్రీన్ మీద: ఆర్డర్ 501: కుక్కర్ 1,850, చీర 6,400]

కస్టమర్‌కి ఇది ఒకటే ఆర్డర్, ఒకటే పేమెంట్, 8,250 రూపాయలు. సెల్లర్లు మాత్రం ఇద్దరు. కుక్కర్ రేపు వస్తుంది, చీర వారానికి. స్టేటస్‌ని ఆర్డర్స్ టేబుల్‌లో పెడితే 'డెలివర్డ్' అని ఎప్పుడు రాస్తారు? అందుకే మధ్యలో సెల్లర్_ఆర్డర్స్ టేబుల్ కావాలి. ఒక్కో సెల్లర్ భాగానికి ఒక రో, స్టేటస్, ఇన్‌వాయిస్ నంబర్ అందులోనే. దాని కింద ఆర్డర్_ఐటమ్స్.

ఆర్డర్_ఐటమ్స్‌లో ఆఫర్_ఐడీ ఒక్కటే పెట్టి ఊరుకోకండి. అమ్మిన ధర, జీఎస్టీ శాతం, కమీషన్ శాతం అక్కడే కాపీ చేయండి. ఒకే సమాచారం రెండు చోట్ల ఉండకూడదని నార్మలైజేషన్‌లో చదువుకున్నాం కదా అంటారు. కానీ ఇది అదే సమాచారం కాదు. ఆఫర్స్‌లో ఉన్నది ఈరోజు ధర, ఇక్కడున్నది ఆరోజు కస్టమర్ కట్టిన ధర. 2025 సెప్టెంబర్ 22న చాలా వస్తువుల జీఎస్టీ రేట్లు మారాయి. శాతాన్ని ప్రొడక్ట్స్ నుంచి చదివే సైట్‌లో, సెప్టెంబర్ 21 నాటి బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే కొత్త రేటుతో తప్పు బిల్లు వస్తుంది.

సెల్లర్‌కి ఇవ్వాల్సిన డబ్బు దగ్గర బ్యాలెన్స్ అని ఒక కాలమ్ పెట్టి మార్చుకుంటూ పోవద్దు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా, ప్రతి లావాదేవీకి ఒక రో చేర్చండి.

[స్క్రీన్ మీద: లెడ్జర్
అమ్మకం +1,850.00
కమీషన్ 10 శాతం −185.00
కమీషన్ మీద జీఎస్టీ 18 శాతం −33.30
మొత్తం 1,631.70]

దీనికి టీసీఎస్ రో కూడా కలుస్తుంది. టీసీఎస్ అంటే సెల్లర్ అమ్మకం మీద సైటే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. 2024 జూలై 10 నుంచి అది ఒక శాతం నుంచి అర శాతానికి తగ్గింది. అందుకే రేట్లకి విడిగా ఒక టేబుల్, 'ఏ తేదీ నుంచి' అన్న కాలమ్‌తో సహా ఉండాలి. కుక్కర్ వాపసు వస్తే పాత రోలు తుడపకండి. −1,850, +185, +33.30 అని కొత్త రోలు పడతాయి, టీసీఎస్‌కీ అలాగే. సెల్లర్ ఫోన్ చేసి నా డబ్బు ఎందుకు తగ్గిందని అడిగితే, లైన్ లైన్‌గా చూపించగలగాలి. అది వాళ్ల కష్టార్జితం.

సెల్లర్ సైట్ వదిలి వెళ్లిపోయినా రో డిలీట్ చేయొద్దు. ఒక టేబుల్ రోని ఇంకో టేబుల్ రోకి ముడిపెట్టే ఫారిన్ కీల మీద, ఒకటి తీసేస్తే దానికి ముడిపడ్డవన్నీ తీసేసే డిలీట్ క్యాస్కేడ్ అసలు పెట్టొద్దు, పాత ఆర్డర్లన్నీ దానితో పాటే కొట్టుకుపోతాయి. స్టేటస్ 'ఇన్‌యాక్టివ్' అని మార్చి, ఆఫర్లు ఆపేయండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి.