రెండు ల్యాబులు, రెండు అంకెలు

మిత్రులందరికీ నమస్కారం.

రోడ్డు కంకర ఎంత గట్టిదో చెప్పే లాస్ ఏంజెలెస్ అరుగుదల పరీక్ష మీలో చాలామందికి తెలిసిందే. కంకరనూ ఉక్కు గోళాలనూ డ్రమ్ములో వేసి 500 చుట్లు తిప్పుతాం. తర్వాత 1.70 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, ఎంత శాతం నలిగిపోయిందో లెక్క కడతాం. ఒప్పందంలో పరిమితి 30 శాతం అనుకోండి. గుత్తేదారు ల్యాబు 28.5 అంది, అధికారుల ల్యాబు 31.4 అంది. వెంటనే అనుమానాలు మొదలవుతాయి: నమూనా మార్చారా, యంత్రం పాడైందా, ఎవరైనా అంకె దిద్దారా?

నేనైతే ముందు వేరే ప్రశ్న వేస్తాను. ఈ పరీక్షలో రెండు ల్యాబుల మధ్య ఎంత తేడా సహజం? 19 మిల్లీమీటర్ల కంకరకు ఈ పరీక్ష పద్ధతిని నిర్దేశించే ఏఎస్‌టీఎం సి131 ప్రమాణం దీనికి జవాబిచ్చింది. ఒకే పరీక్షకుడు రెండుసార్లు చేస్తే ఫలితాల తేడా వాటి సగటులో 5.7 శాతం దాటకూడదు. వేర్వేరు ల్యాబులైతే 12.7 శాతం వరకు ఉండవచ్చు. మన రెండు అంకెల సగటు దాదాపు 30, అందులో 12.7 శాతం అంటే 3.8. వచ్చిన తేడా 2.9 మాత్రమే. ఇద్దరూ పని సరిగ్గానే చేసి ఉండవచ్చు. ఒకరు పాస్, ఒకరు ఫెయిల్ అనడం పరీక్షకు లేని శక్తిని దానికి అంటగట్టడమే.

ఈ హద్దులు ఊహించి రాసినవి కావు. ఒకే పదార్థాన్ని పంచి, చాలా ల్యాబులకు పంపి, వచ్చిన ఫలితాల చెదురును కొలిచి కట్టినవి. ఆ చెదురుకు కొలత అయిన ప్రామాణిక విచలనాన్ని సుమారు 2.8తో గుణిస్తే వచ్చే హద్దు ఇది. అన్నీ సవ్యంగా ఉన్నా, వందలో ఐదు జతలు దీన్ని దాటుతాయి. అయితే ఒక మెలిక ఉంది. ఆ అధ్యయనంలో అందరికీ అందింది ఒకే కుప్పను జాగ్రత్తగా పంచిన నమూనా. పని జరిగే చోట ఒకరు కుప్ప అంచున పార వేస్తారు, ఇంకొకరు నడుమ వేస్తారు. ముతక రాయి కిందికి దొర్లి అంచున చేరుతుంది కాబట్టి ఆ తేడా పరీక్షది కాదు, పారది. తగవుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయని నా అభిప్రాయం.

తారు మిశ్రమం విషయంలో చిన్న అంకె ఎంత పెద్దదవుతుందో చూడండి. గట్టిపరచిన దిమ్మె సాపేక్ష సాంద్రత (నీటితో పోల్చిన సాంద్రత) 2.400, వదులు మిశ్రమపు గరిష్ఠ సాపేక్ష సాంద్రత, అంటే గాలి ఖాళీలే లేనప్పటిది, 2.500 అయితే గాలి ఖాళీలు సరిగ్గా 4 శాతం. రెండో అంకె 2.510 అయిందనుకోండి, ఖాళీలు 4.4 అవుతాయి. నమూనాలో చిక్కిన గాలి బుడగలను పూర్తిగా తీయకపోతే ఆ రెండో అంకె ఇంత మేర మారడానికి అవకాశం ఉంది. పైగా అప్పుడు ఆ గరిష్ఠ సాంద్రత తక్కువగా వస్తుంది, ఖాళీలు కూడా తక్కువగా కనిపిస్తాయి. పొర బాగా కుదిరిందని మోసపోతాం.

తారు ఎంత మెత్తనో చెప్పే చొరబాటు పరీక్షకైతే అసలు 'నిజమైన విలువ' అనేది విడిగా లేదు. 25 డిగ్రీల వద్ద 100 గ్రాముల బరువుతో సూది ఐదు సెకన్లలో ఎంత దిగిందో అదే విలువ. పద్ధతే నిర్వచనం. నీటి తొట్టె ఒక డిగ్రీ వేడెక్కిందంటే మీరు కొలిచింది వేరే వస్తువు.

చివరగా 'మళ్లీ చేయించండి' అన్న మాట గురించి. పదార్థం సరిగ్గా పరిమితి గీత మీదే ఉందనుకుందాం. ఒక్కో పరీక్షలో పాసయ్యే అవకాశం సగం. మూడుసార్లు చేసి బాగున్నది ఒకటి ఎంచుకుంటే ఎనిమిదింట ఏడు వంతులు పాసవుతుంది. నాలుగుసార్లు చేసి నాలుగింటి సగటు తీసుకుంటే మాత్రం యాదృచ్ఛిక తేడా సగానికి తగ్గుతుంది. అదైనా ఆ ఒక్క ల్యాబులోని తేడాయే. ఆ ల్యాబు ఎప్పుడూ ఒకవైపు ఒరిగి కొలుస్తుంటే ఎన్ని సగటులు తీసినా ఆ ఒరుగు పోదు. అందుకే నమూనాను తీసిన రోజే మూడు భాగాలు చేసి, మూడోదానికి ముద్ర వేసి ఉంచమని ఒప్పందంలో రాయించండి. తేడా హద్దు దాటితేనే అది మూడో ల్యాబుకు వెళుతుంది. ఆ హద్దు ఎంతో కూడా పని మొదలుకాక ముందే అంకెల్లో రాసి పెట్టాలి.